గాలి నల్లగా వస్తుంది: ఆప్టిమిస్ట్ పడవలతో మా ఏడాది

ఆప్టిమిస్ట్‌ని మొదటిసారి చూసినవాళ్ళెవరూ అది రేసు పడవ అనుకోరు. దానికి ముక్కు ఉండదు, ముందు భాగం రంపంతో కోసేసినట్టు చదునుగా ఉంటుంది. పొడవు ఎనిమిదడుగులకు కొంచెం తక్కువ, బరువు 35 కిలోలు, ఒకే ఒక్క తెరచాప. గేదెలకు కుడితి పోసే తొట్టికి గుడ్డ కట్టి నీళ్ళలోకి తోసినట్టుంటుంది. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో, క్లియర్‌వాటర్ అనే ఊళ్ళో క్లార్క్ మిల్స్ అనే ఆయన దీన్ని గీశాడు. పిల్లల కోసం ఎవరైనా ఇంటి దగ్గరే చవగ్గా చేసుకోగలిగే పడవ కావాలన్నారు. రెండు ప్లైవుడ్ షీట్లలో పడవ మొత్తం వచ్చేలా ఆయన లెక్క చూసుకున్నాడు. షీటు పొడవు ఎనిమిదడుగులే, ఇంక ముక్కుకు చోటెక్కడ? ఇప్పుడు ఫైబర్‌గ్లాస్‌తో చేస్తున్నారు గానీ ఆకారం మాత్రం అదే.

పదిహేనేళ్ళు నిండే ఏడాది దాకా పిల్లలు ఈ క్లాస్‌లో, అంటే ఈ రకం పడవల్లో, పోటీ చెయ్యొచ్చు. అందరి పడవల కొలతలూ ఒకటే. ఆ కొలతలు చూడ్డానికి పెద్ద పోటీల ముందు టేపు పట్టుకుని ఒకాయన కూర్చుంటాడు. కాబట్టి ఓడిపోతే పడవ మీద తోసెయ్యడానికి పెద్దగా వీలుండదు. పెద్దగా అని ఎందుకన్నానో తర్వాత చెప్తాను.

మా అమ్మాయికి పదకొండేళ్ళు. ఈత పోటీల్లో విసుగొచ్చి, స్నేహితురాలి వెంట హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ నేర్పే క్లబ్‌కి వెళ్ళి డిసెంబర్‌లో చేరింది. నేను బోయిన్‌పల్లిలో ఉండే బ్యాంకు ఉద్యోగిని. ఆదివారాలు తనను దింపి ఒడ్డున పేపర్ చదువుకుంటూ కూర్చోవచ్చు అనుకున్నాను. మా అత్తయ్య మాత్రం, "ఆ మురుక్కాలవలో పిల్లని దింపుతావా?" అని రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆవిడ అన్నదాంట్లో నిజం లేకపోలేదు. వేసవిలో నీళ్ళు తగ్గినప్పుడు ఆ వాసన కార్లో, బట్టల్లో, చివరికి టిఫిన్ డబ్బాలో కూడా ఉండేది. టైఫాయిడ్ టీకా వేయించాం. నీళ్ళలోంచి రాగానే సబ్బుతో తల నుంచి కాళ్ళ దాకా స్నానం, అది అయ్యాకే తిండి. ఈ రూల్ కోచ్‌ది. ఆయన ఆర్మీలో పనిచేసి రిటైరయ్యారు, పిల్లలు దీన్ని తప్పితే ఆ రోజుకి పడవ ఉండదు.

మొదటి వారాల్లో రేసుల ఊసే లేదు. పడవ బోల్తా కొట్టించడం, మళ్ళీ లేపడం, అంతే. పక్కకి పడిపోయిన పడవ కింది నుంచి పొడుచుకొచ్చే డ్యాగర్‌బోర్డ్ అనే పలక మీద ఎక్కి నిలబడి, అంచు పట్టుకుని వెనక్కి వాలితే అది లేస్తుంది. లేచేటప్పటికి పడవ నిండా నీళ్ళుంటాయి. లోపల కట్టిన గాలి సంచుల వల్ల మునిగిపోదు. ఇక బెయిలర్‌తో తోడాలి. బెయిలర్ అంటే ఏదో సామాను కాదు, అయిదు లీటర్ల డబ్బా అడుగు కోసి తాడు కట్టింది. జనవరి పొద్దున చలికి వణుకుతూ ఆ డబ్బాతో నీళ్ళు తోడుతున్న నా కూతుర్ని చూసి నాకు ఏడుపొచ్చింది. కోచ్ సార్ రెస్క్యూ బోట్‌లోంచి, "రోనా నహీ బేటా, పానీ నికాలో" అని అరుస్తున్నారు. అది ఏడవడం లేదని, పక్క పడవ అమ్మాయితో పందెం వేసి తోడుతోందని తర్వాత తెలిసింది.

చలికాలంలో మా చెరువు మీద గాలి పల్చగా ఉంటుంది. తొమ్మిదింటి దాకా అసలుండదు, ఆ తర్వాత తూర్పు నుంచి కాస్త లేస్తుంది. ఒడ్డున కూర్చున్నవాళ్ళకి ఇంతకంటే విసుగు పుట్టించే ఆట ఇంకోటి ఉండదు. పడవలు కదులుతున్నాయో లేదో తెలీదు, ఎవరు ముందున్నారో అంతకన్నా తెలీదు. నా పక్కన కూర్చునే ఒకాయన రసూల్‌పురాలో ఉంటాడు, ఆటో నడుపుతాడు. వాళ్ళబ్బాయి ఆప్టిమిస్ట్‌లో చివరి ఏడాది. ఆయన మాత్రం సినిమా చూసినట్టు కళ్ళార్పకుండా చూసేవాడు. ఒకరోజు అడిగేశాను, ఏం కనిపిస్తోందని.

"గటు సూడున్రి అక్కా, నీళ్ళు నల్లగ అయితున్నయ్ గద. గాలి వస్తున్నదన్నట్టు. గా పోరి సూసింది, గటే పోతున్నది. మావోడు సూడలే."

చూశాను. నిజంగానే నీళ్ళ మీద ఓ ముదురు మరక, చిన్న చిన్న ముడతలతో, మెల్లగా ఇటు జరుగుతోంది. అది తాకగానే ఆ అమ్మాయి తెరచాప బిగుసుకుంది, పడవ కదిలింది. పక్కనే ఇరవై అడుగుల దూరంలో వాళ్ళబ్బాయి పడవ బొమ్మలా నిలబడి ఉంది. "మీకెలా తెలుసండీ ఇదంతా?" అంటే నవ్వాడు. చిన్నప్పటి నుంచి సంక్రాంతికి పతంగులు ఎగరేస్తున్నాడట. గాలి ఎక్కడ లేస్తుందో, ఎక్కడ పడిపోతుందో చూడకపోతే పతంగి నిలబడదు కదా.

ఆ రోజు తర్వాత పేపర్ తీసుకెళ్ళడం మానేశాను.

ఈ ఆటలో తెలుసుకోవలసిన మొదటి సంగతి, తెరచాప పడవ గాలికి ఎదురుగా సూటిగా పోలేదని. గాలి వచ్చే దిక్కుకి దాదాపు నలభై అయిదు డిగ్రీలు పక్కకి పోవాలి, కొంతదూరం పోయాక తిరిగి అటువైపు నలభై అయిదు. అలా మెలికలు తిరుగుతూ గాలి వచ్చే వైపున్న బోయా, అంటే గుర్తుగా నీళ్ళ మీద తేలే బుడగ, చేరాలి. గాలి ఒకే దిక్కు నుంచి రాదు, అయిదు పది డిగ్రీలు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగడాన్ని ముందే పట్టి సరిగ్గా తిరిగిన పడవకి దారి తగ్గుతుంది. పట్టనిది అదే వేగంతో నడిచినా వెనకపడుతుంది. రేసులో సగానికి పైగా ఇదే. కండబలంతో గెలిచే భాగం తక్కువ, ముఖ్యంగా ఈ చిన్న పడవల్లో.

మిగతా సగం తాళ్ళు. ఆప్టిమిస్ట్ తెరచాపని మాస్ట్ అనే నిలువు కర్రకి సన్నటి తాళ్ళతో ముడులేసి కడతారు. తెరచాపకీ కర్రకీ మధ్య పది మిల్లీమీటర్లకు మించి సందు ఉండకూడదని రూలు. మా అమ్మాయి ప్రతి ముడి దగ్గరా చిటికెన వేలు పెట్టి చూసేది, సులువుగా దూరితే విప్పి మళ్ళీ కట్టేది. తర్వాత స్ప్రిట్, అంటే తెరచాప పై మూలని ఎత్తిపట్టే ఏటవాలు కర్ర. దాని తాడు వదులైతే తెరచాపలో కర్ర వైపు పై మూల నుంచి కింద వెనక మూలకి ఐమూలగా ముడత పడుతుంది. ఎక్కువ బిగిస్తే ముడత అటునుంచి ఇటు మారుతుంది. గాలి మారినప్పుడల్లా నీళ్ళ మీదే ఆ తాడు సర్దుకోవాలి. హోంవర్క్ పుస్తకానికి అట్ట వెయ్యమంటే వారం తిప్పే పిల్ల, ఒక ముడత కోసం పావుగంట తల పక్కకి వంచి చూస్తుంటే నాకు ఏమనాలో తెలిసేది కాదు.

ఏప్రిల్, మే నెలల్లో ఎండ. సమ్మర్ క్యాంప్‌కి కొత్త పిల్లలు బిలబిల్లాడుతూ వచ్చి, సగం మంది పది రోజుల్లో మాయమవుతారు. ఆ నెలల గురించి చెప్పడానికి మజ్జిగ తప్ప ఏమీ లేదు.

జూన్ రెండో వారం దాటాక చెరువు మొహమే మారిపోయింది. నైరుతి గాలి పడమటి నుంచి, నెక్లెస్ రోడ్డు వైపు నుంచి వస్తుంది. దారిలో భవనాలు అడ్డు తగిలి ముక్కలు ముక్కలై నీళ్ళ మీద పడుతుంది. ఒక నిమిషం చదునుగా ఉన్న చోట మరుక్షణం పడవ ఒరిగిపోయేంత విసురు. పిల్లలు పడవ అంచు మీద కూర్చుని, లోపలి పట్టీలో పాదాలు దూర్చి, నడుము దాకా బయటికి వాలతారు. బరువున్న పిల్లలకి ఇది పండగ. చలికాలంలో తేలిగ్గా జారిపోయిన మా బక్కపిల్ల ఇప్పుడు ప్రతి విసురుకీ తెరచాప వదిలేసి, పడవ నిలబెట్టుకుని, మళ్ళీ లాక్కోవాల్సి వచ్చేది. రాత్రి అరచేతులకి కొబ్బరినూనె రాసేదాన్ని.

జూలై అంటే హైదరాబాద్ సెయిలింగ్‌కి అసలైన నెల. యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ జరిపే మాన్‌సూన్ రెగట్టా అనే పడవ పోటీలకి వేరే రాష్ట్రాల నుంచి ఆప్టిమిస్ట్ పిల్లలు దిగుతారు. సికింద్రాబాద్‌లో ఆర్మీ ఇంజనీర్ల విభాగమైన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ వాళ్ళ హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌లో, ఇదివరకు లేజర్ అని పిలిచే ఐఎల్‌సీఏ పడవల హడావిడి. ఈ క్లాస్ పిల్లలు పెద్దయ్యాక ఎక్కువమంది ఎక్కేది ఆ పడవలే. మా క్లబ్ పిల్లలు వర్షాకాలం పోటీల కోసం ప్రాక్టీస్ రేసులు పెట్టుకున్నప్పుడు మనుషులు చాల్లేదు. "మేడమ్, మీరు బ్యాంకులో లెక్కలు రాస్తారు కదా, కమిటీ బోట్‌లో నంబర్లు రాయండి" అన్నారు కోచ్ సార్. అలా రేసు నడిపేవాళ్ళుండే ఆ పడవెక్కి నేను చెరువు మధ్యకి వెళ్ళాను.

ఒడ్డు నుంచి చూసినదంతా వేరు, అక్కడి నుంచి కనిపించేది వేరు. స్టార్ట్‌కి గీత ఉండదు. కమిటీ బోట్ మీద జెండా కర్రకీ, అవతల తేలే బోయాకీ మధ్య ఊహించుకోవలసిందే. అయిదు నిమిషాలప్పుడు ఒక హారన్, క్లాస్ జెండా పైకి. నాలుగు నిమిషాలకి ఇంకో జెండా, నీలం మీద తెల్ల చదరం. నిమిషం ఉందనగా పొడుగు హారన్‌తో అది దిగుతుంది. సున్నాకి క్లాస్ జెండా దిగితే రేసు మొదలు. ఈ అయిదు నిమిషాలూ పడవలకి బ్రేకులు లేవు, వెనక్కి పోయే గేరు లేదు, ఆగి నిలబడే వీలు లేదు. అయినా సరిగ్గా సున్నా దగ్గర గీత మీద, పూర్తి వేగంతో ఉండాలి. ముందే దాటితే వెనక్కి వచ్చి మళ్ళీ దాటాలి. లేటైతే ముందున్న తెరచాపల వెనక చెడిపోయిన గాలి మింగుతూ పోవాలి.

ఆ ఊహాగీతని పిల్లలు ఎలా పట్టుకుంటారో అక్కడే చూశాను. స్టార్ట్‌కి ముందు గీతకి ఈ చివర నిలబడి, ఆ చివరి బోయా వెనక ఒడ్డున ఏం కనిపిస్తుందో గుర్తుపెట్టుకుంటారు. ఆ రోజు బోయా సరిగ్గా బుద్ధుడి ఎడమ భుజం కింద పడింది. గీత మధ్యలోంచి చూసినప్పుడు బోయా ఆ భుజం కిందే ఉంటే గీత మీద ఉన్నట్టు, జరిగితే ముందో వెనకో. 1992 నుంచీ ఆ రాతి మీద నిలబడ్డ ఆ విగ్రహాన్ని వేలసార్లు చూశాను గానీ, ఆయన రేసుల్లో కొలబద్దగా పనికొస్తాడని తెలీదు.

నా పని చిన్నదే. రేసు ముగిసే చోట పడవలు దాటుతుంటే తెరచాప నంబర్లు వరసగా రాయడం. వర్షంలో పెన్ను పనిచెయ్యదు, పెన్సిలే కావాలి. నాలుగు పడవలు ఒకేసారి దూసుకొస్తే కాగితం వైపు చూడకుండా నంబర్లు గట్టిగా చదువుతూ ఫోన్‌లో రికార్డ్ చేసుకోవాలి, తర్వాత విని సరిచూడాలి. మొదట వచ్చినవాళ్ళకి ఒక పాయింటు, రెండో వాళ్ళకి రెండు. చివరికి ఎవరికి తక్కువైతే వాళ్ళదే గెలుపు. సిరీస్‌లో ఒక చెత్త రేసుని లెక్కలోంచి తీసేస్తారు. ఆ తీసేసే సౌకర్యం పిల్లల మనసుకి ఎంత మందో తల్లులకే తెలుస్తుంది. "పోనీలే అమ్మా, అది డిస్కార్డ్" అనే మాట ఆ నెలంతా మా ఇంట్లో మోగింది. యూనిట్ టెస్ట్ మార్కులకి కూడా వాడబోయింది గానీ నేను ఒప్పుకోలేదు.

అసలు చూడాల్సింది ప్రొటెస్ట్ హియరింగ్, అంటే ఎవరో రూలు తప్పారన్న ఫిర్యాదు మీద విచారణ. నీళ్ళ మీద అంపైర్లుండరు. జ్యూరీ బోట్ తిరుగుతుంది గానీ, అది ఎక్కువగా చూసేది ఒంటితో పడవని ఊపి తోసుకుపోతున్నారా అన్నదే. అలా చేస్తే విజిల్ వేసి పసుపు జెండా చూపిస్తారు, రెండు గిరికీలు కొట్టి ముందుకు సాగాలి. మిగతా తగాదాలు పిల్లలే తేల్చుకోవాలి. మా అమ్మాయి గాలి కుడివైపు నుంచి తగిలేలా వస్తోంది, అంటే స్టార్‌బోర్డ్ మీద, దారి తనది. ఎదురుగా ఒక పెద్దబ్బాయి పోర్ట్ మీద, అంటే గాలి ఎడమవైపు నుంచి తగిలేలా, వచ్చాడు, తప్పుకోలేదు. ఇది గుద్దుకోకుండా తిప్పుకుని "ప్రొటెస్ట్!" అని అరిచింది. ఒడ్డుకి రాగానే, గడువు లోపల, ఫారం నింపి ఇచ్చింది. పడవల బొమ్మ గీసింది, గాలి బాణం గీసింది.

హియరింగ్‌లో ఇద్దరికీ చెరో బొమ్మ పడవ ఇచ్చి బల్ల మీద పెట్టి చూపించమన్నారు. నన్ను తలుపు దగ్గర కూర్చోనిచ్చారు, నోరు విప్పకూడదన్న షరతు మీద. ముగ్గురు పెద్దవాళ్ళు, చాలా మర్యాదగా, ఒక్కో ప్రశ్నా అడుగుతున్నారు. నువ్వు తిరిగినప్పుడు మధ్యలో ఎన్ని పడవల దూరం ఉంది? గాలి ఎంతుంది? నువ్వు తిరక్కపోతే తగిలేదా? ఎవరైనా చూశారా? దూరం ఒకసారి ఒక పడవ అంది, ఇంకోసారి రెండు అంది. సాక్షి లేడు. ప్రొటెస్ట్ కొట్టేశారు. బయటికి వచ్చి ఆ అబ్బాయి, "నువ్వు కొంచెం ముందే తిరిగావ్, లేకపోతే నా రేసు పోయేదే" అని ఒప్పుకున్నాడు కూడా. ఇద్దరూ మిర్చిబజ్జీలు తింటూ ఆ మలుపుని చేతులతో మళ్ళీ ఆడించి చూసుకున్నారు. నాకు మాత్రం రాత్రి దాకా కడుపు మండుతూనే ఉంది.

వినాయక చవితి వచ్చిందంటే ప్రాక్టీస్ ఆగుతుంది. నిమజ్జనానికి ముందే ఒడ్డున క్రేన్లు దిగుతాయి, అనంత చతుర్దశి అయ్యాక కొన్నాళ్ళు ఎవరూ నీళ్ళలోకి దిగరు. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు డ్యాగర్‌బోర్డ్‌కి ఏది చుట్టుకుంటుందో చెప్పలేం. ఎర్ర గుడ్డ, ప్లాస్టిక్ దండలు, వెదురు బద్దలు, ఇనప చువ్వలు. ఒకసారి ఒక అబ్బాయి చుక్కానికి విగ్రహం వెనక కట్టే చెమ్కీల చక్రం తగులుకుంది. దానికితోడు గుర్రపుడెక్క. గాలి ఎటుంటే అటు ఆ పచ్చటి తివాచీ కొట్టుకొస్తుంది, బోయాలని ఎక్కడ వేసినా మింగేస్తుంది. నేనూ గణపతికి దండం పెట్టే మనిషినే, ఇంట్లో మట్టి విగ్రహం పెడతాం, బకెట్‌లో నిమజ్జనం చేస్తాం. అయినా ఆ వారం పిల్లలు బోర్డుల నుంచి చువ్వలు పీకి రెస్క్యూ బోట్‌లో పోగు చేస్తుంటే చూడ్డానికి సిగ్గనిపించింది.

వర్షాలు తగ్గాక బయటి ఊళ్ళ పోటీలు. పడవల్ని ట్రైలర్ మీద ఒకదాని మీద ఒకటి పేర్చి పంపిస్తారు, పిల్లలు రైల్లో. భోపాల్ పెద్ద చెరువు గురించి మా పిల్లలు గుడి గురించి మాట్లాడినట్టు మాట్లాడతారు. హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో 2023లో రజతం తెచ్చిన నేహా ఠాకూర్ తయారైంది అక్కడి సెయిలింగ్ స్కూల్లోనే. ఒలింపిక్స్‌కి అర్హత సంపాదించిన మొదటి భారతీయ మహిళా సెయిలర్ నేత్రా కుమనన్‌ది చెన్నై. మేం వెళ్ళింది చెన్నైకే. మా చెరువు పిల్లలకి అలలు తెలీవు. మొదటి రోజు సగం మంది వాంతులు చేసుకున్నారు. గాలి మాత్రం సముద్రం మీద నిలకడగా వస్తుంది, మా చెరువులోలా తికమక పెట్టదు. తెగ ఊగే గాలిలో కళ్ళు రాటుదేలిన మా వాళ్ళు మూడో రోజుకి అలలు అలవాటై, మధ్య వరసల్లోకి వచ్చారు.

అక్కడే కనిపించింది, నేను మొదట్లో దాచిపెట్టిన సంగతి. పడవల కొలతలు ఒకటే, తెరచాపల వయసు ఒకటి కాదు. కొత్త తెరచాప పట్టుకుంటే కాగితంలా పెళపెళలాడుతుంది. మూడేళ్ళు వాడింది పాత చీరలా మెత్తబడి, గాలిలో ఆకారం నిలుపుకోదు. డబ్బున్న ఇంటి పిల్లలకి పెద్ద పోటీకో కొత్తది. మా క్లబ్‌లో గురుకుల పాఠశాలల నుంచి వచ్చే పిల్లలు పాతవాటితోనే వాళ్ళని చాలాసార్లు దాటిపోతారు, కళ్ళ చలవ. కానీ చివరికి అయిదు స్థానాల తేడా వచ్చేచోట గుడ్డ కూడా మాట్లాడుతుంది. ఇది సమాన పోటీ అని ఊరికే గొప్పలు చెప్పేవాళ్ళు ఒకసారి పాత తెరచాపని చేత్తో ముట్టుకుని చూడాలి.

డిసెంబర్ 31తో ఆటో అన్న కొడుక్కి క్లాస్‌లో గడువు అయిపోయింది. నిజానికి వేసవి నుంచే మోకాళ్ళు గడ్డానికి తగులుతూ నడిపేవాడు. ఐఎల్‌సీఏ 4 కి మారాడు. పడవ దాదాపు రెట్టింపు పొడవు, బోల్తా పడితే నీళ్ళు తోడే పని లేదు, వాటంతటవే పోతాయి. వాళ్ళ నాన్న కొత్త పడవ చూసి, "గిప్పుడు గాలి ఇంకా దూరం నుంచి సూడాలె" అన్నాడు. ఆయన ఆదివారాలు రావడం మానలేదు. కమిటీ బోట్ మీద గాలి దిక్కు రాసే పని ఆయనది, నంబర్లు నావి.

ఆ అబ్బాయి నడిపిన క్లబ్ పడవ ఈ ఏడాది మా అమ్మాయికి ఇచ్చారు. డ్యాగర్‌బోర్డ్ కింది కొస చితికిపోయి ఉంది, పోయిన సెప్టెంబర్‌లో ఏ చువ్వకో తగిలినట్టుంది. దాన్ని ఎపాక్సీతో పూడ్చి గరుకు కాగితంతో నున్నగా రుద్దాలి. మాస్ట్ ముడుల తాళ్ళన్నీ మార్చాలి. స్ప్రిట్ తాడు కూడా పీచు లేచింది, అది మామూలు నైలాన్ తాడు వేస్తే సాగుతుందట, సాగనిదే కావాలట. చీటీ రాసి నా హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టింది, ఆదివారం లోపల తెమ్మని.